జపాన్ పాత యుద్ధకళల్లో ఎవరికి ఏ బాణీ? జో, కటోరి, ఇయై, జుజుత్సుల పోలిక

కరాటేలో నల్ల బెల్టు వచ్చాక చాలామందికి ఒక దురద మొదలవుతుంది: సమురాయ్‌ల అసలు విద్య ఎక్కడ దొరుకుతుందని. కరాటే ఆ కోవలోది కాదు. అది ఒకినావా దీవుల విద్య. 1922లో ఫునాకోషి గిచిన్ టోక్యోలో చేసి చూపించాకే జపాన్ ప్రధాన దీవుల్లో పాకింది. జూడోను కానో జిగోరో 1882లో మొదలుపెట్టాడు. ఐకిడో ఇంకా తర్వాతిది. 1868 నాటి మెయిజీ మార్పుకు (సమురాయ్‌ల ఏలుబడి పోయి చక్రవర్తి పాలన తిరిగొచ్చిన మార్పు) ముందే పుట్టి, గురువు నుంచి శిష్యుడికి తెగకుండా వస్తున్న బాణీలను కొర్యూ అంటారు. ఈ పోలిక వాటి గురించే.

సంగీతంలో బాణీ ఎలాంటిదో ఇక్కడ ర్యూ అలాంటిది. అదే కత్తి, అదే కర్ర. పట్టే తీరు, అడుగు వేసే తీరు, ఎప్పుడు కదలాలన్న లెక్క మాత్రం ఇంటింటికీ వేరు. అందుకే రెండు బాణీలు ఒకేసారి నేర్చుకుంటానంటే చాలామంది గురువులు ఒప్పుకోరు. ఎంపిక ముందే సరిగ్గా చేసుకోవాల్సింది ఇందుకే.

## ముందు తేల్చుకోవాల్సినవి

పోటీ కావాలా? కావాలంటే కొర్యూ వైపు రావద్దు. ఇక్కడ పతకాలు ఉండవు, చాలా బాణీల్లో విడి పోరు కూడా ఉండదు. ఉన్నదంతా కటా: ఇద్దరు ముందే తెలిసిన వరసలో ఒకరిపై ఒకరు దాడి చేయడం. కరాటే కటాలా ఒంటరిగా గాలిలో చేసేది కాదు. కత్తి పట్టి దాడి చేసేది సీనియర్, చివర్లో ఓడేదీ ఆయనే. ఆ పాత్రను ఉచిదాచి అంటారు. నేర్చుకునేవాడికి ఎంత వేగం, ఎంత దూరం ఇవ్వాలో ఆయనే కొలిచి ఇస్తాడు. ఉచిదాచి పాత్ర వేసేవాడికి పని రాకపోతే ఆ తరగతిలో ఎన్నేళ్లున్నా వచ్చేది నాట్యమే.

ఆత్మరక్షణ కావాలా? నాలుగు అడుగుల చిల్లర కర్రనో మూడడుగుల కత్తినో బస్సులో పట్టుకు తిరగలేం. ఆ అవసరానికి జూడో మేలు.

జత దొరుకుతుందా? ఇయై (ఒరలోంచి కత్తి తీసే విద్య) తప్ప మిగతా అన్నింటికీ ఇద్దరు కావాలి. వారానికి ఒక్కసారైనా.

ఒళ్లు ఏమంటోంది? మోకాళ్లు, భుజాలు, మణికట్లు. బాణీని బట్టి భారం పడే చోటు మారుతుంది.

జాగా ఎంత? దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి మామూలు చెక్కకత్తిని తల మీంచి తిప్పితే మొన దాదాపు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తుకు లేస్తుంది. మన ఫ్లాట్లలో ఫ్యాన్ రెక్కలు ఉండేది అక్కడే. ఇంట్లో సాధన అంటే డాబా మీదనే అనుకోండి. పొడుగు కొయ్యకు వంపు అలుగుండే నాగినాతాకైతే డాబా కూడా పెద్దదే కావాలి.

## ఒక్క చూపులో

| బాణీ | ప్రధాన ఆయుధం | జత | మోకాళ్లపై భారం | ఎడమచేతివాటం వాళ్లకు |
|---|---|---|---|---|
| షింతో ముసో-ర్యూ | జో కర్ర | తప్పనిసరి | తక్కువ | హాయి |
| కటోరి షింతో-ర్యూ | కత్తి, తర్వాత చాలా ఆయుధాలు | తప్పనిసరి | ఇయై భాగంలో ఎక్కువ | సర్దుకోవాలి |
| ముసో జికిదెన్ ఎయిషిన్-ర్యూ, ముసో షిందెన్-ర్యూ | ఒరలోని కత్తి | లేకున్నా నడుస్తుంది | చాలా ఎక్కువ | సర్దుకోవాలి |
| యాగ్యూ షింకగే-ర్యూ, ఒనో-హా ఇత్తో-ర్యూ | కత్తి | తప్పనిసరి | తక్కువ | సర్దుకోవాలి |
| తకెనోఉచి-ర్యూ, దైతో-ర్యూ | వట్టి చేతులు, చిన్న ఆయుధాలు | తప్పనిసరి | ఎక్కువ | పెద్ద తేడా లేదు |
| తెందో-ర్యూ | నాగినాతా | తప్పనిసరి | తక్కువ | హాయి |

ఎడమచేతివాటం మాట ఎందుకంటే, జపాన్ కత్తిసాములో ఒర ఎప్పుడూ ఎడమ నడుముకే, పిడి మీద కుడిచెయ్యే ముందు. ఎడమచేతివాళ్లకు వేరే పద్ధతి లేదు, గురువు మార్చడు. జోలోనూ నాగినాతాలోనూ రెండు చేతులూ చోట్లు మారుతుంటాయి కాబట్టి ఆ చిక్కు లేదు.

## షింతో ముసో-ర్యూ: జో కర్ర

మొదటి బాణీ ఏదని అడిగితే ఎక్కువమందికి చెప్పదగింది ఇదే. 17వ శతాబ్దం తొలినాళ్లలో ముసో గొన్నొసుకె మొదలుపెట్టాడని చెబుతారు. పేరున్న కత్తివీరుడు మియమోతో ముసాషి చేతిలో ఓడి, మళ్లీ గెలవడానికి ఈ కర్రను కనిపెట్టాడన్నది బాణీలో చెప్పుకునే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, విద్య మాత్రం క్యూషూ దీవిలోని ఫుకుఒకా ప్రాంతంలో, కురొదా ప్రభువుల ఏలుబడిలో నిలిచింది. 20వ శతాబ్దంలో షిమిజు తకాజి దాన్ని టోక్యోకు తెచ్చి పోలీసులకు నేర్పాడు.

కర్ర పొడవు దాదాపు 128 సెంటీమీటర్లు, మందం రెండున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. రెండు కొనలూ ఒకటే. పిడి లేదు, మొన లేదు. ఎదుటివాడి చేతిలో 101.5 సెంటీమీటర్ల చెక్కకత్తి. నేర్చుకునేవాడు కర్ర పక్షం, సీనియర్ కత్తి పక్షం. కొన్నేళ్ల తర్వాత కత్తి పక్షమూ నేర్పుతారు కాబట్టి ఒక బాణీలోనే రెండు విద్యలు అబ్బుతాయి. ముందుకు పోతే పొట్టి కర్ర, జుత్తె అనే ఇనప కడ్డీ, గొలుసు కట్టిన కొడవలి కూడా పక్కన చేరతాయి.

మొదలు 12 ప్రాథమిక కదలికలతో. వీటిలో మూడోది, హికి-ఒతోషి, దగ్గర్నుంచి చూడదగ్గది. ఎదుటివాడు కత్తిని మీ గొంతు వైపు చాపి నిలబడతాడు. మీ పని ఆ కత్తిని దారిలోంచి తప్పించడం. కొత్తవాళ్లందరూ కట్టెలు కొట్టినట్టు భుజబలంతో పైనుంచి వేస్తారు. టప్‌మని మోగుతుంది, కత్తి ఎగిరి మళ్లీ అక్కడికే వస్తుంది, వేసినవాడి అరచేయి తిమ్మిరెక్కుతుంది. సరిగ్గా పడినప్పుడు కర్ర కత్తి పక్క తగిలి, దాని వెంట జారుతూ కిందికీ వెనక్కీ లాగేస్తుంది. మోత కూడా వేరు, పొడిగా, చిన్నగా. ఆ బలం నడుము తిరగడంలోంచి వస్తుంది. పిడికిలి బిగించాల్సింది తగిలే క్షణంలోనే. ముందే బిగిస్తే కర్ర చేతిలో జారదు, జారకపోతే లాగడం కుదరదు. ఈ ఒక్క దెబ్బ దారికి రావడానికి నెలలు పడుతుంది.

కర్రసాము నేర్చినవాళ్లకు ఇక్కడ ఒక లాభం, ఒక నష్టం. కర్ర అంటే భయం ఉండదు, మణికట్టు ముందే మెత్తబడి ఉంటుంది. కానీ మన కర్రసాములో తిప్పడమే ప్రాణం. జోలో గిరగిర తిప్పడమే లేదు. తాలింఖానాలో పెరిగిన చెయ్యి ఖాళీ దొరికితే చాలు తిప్పేస్తుంది, ఆ సందులో కత్తి లోపలికి వచ్చేస్తుంది. మొదటి ఏడాది ఆ అలవాటును కట్టిపెట్టడానికే సరిపోతుంది.

కర్ర కొనేటప్పుడు: జపాన్‌లో తెల్ల ఓక్ వాడతారు. మన దగ్గర వెదురు చవకే కానీ కణుపులుంటాయి, చేయి జారదు. టేకు దెబ్బలకు పీచులు లేచి చీలుతుంది. ఏ చెక్కయినా చారలు ఈ కొననుంచి ఆ కొనదాకా నిటారుగా పోవాలి; పక్కకు వాలి మధ్యలోనే అంచుకు తగిలితే కర్ర అక్కడే విరుగుతుంది. చదును నేల మీద దొర్లించి చూస్తే వంకర తెలుస్తుంది. వార్నిష్ ఉంటే గీకేసి అవిసె నూనె పట్టించండి. చెమట చేతికి వార్నిష్ అంటుకుపోతుంది.

అఖిల జపాన్ కెందో (వెదురు కత్తులతో చేసే నేటి కత్తి విద్య) సమాఖ్య ఈ బాణీలోంచి 12 కటాలు తీసి జోదో అనే పాఠ్యక్రమం చేసింది. దానికి డాన్ పరీక్షలున్నాయి. పాత బాణీ గురువు అందుబాటులో లేకపోతే జోదోతో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. చాలాచోట్ల రెండూ ఒకే గురువు దగ్గర నడుస్తాయి.

## తెన్షిన్ షోదెన్ కటోరి షింతో-ర్యూ

పేరున్నది, పాతది, అందరూ ముందు అడిగేది. 15వ శతాబ్దంలో ఈజాసా చోయిసాయి ఇయెనావో కటోరి దేవాలయం దగ్గర నెలకొల్పాడు. 1960లో చిబా రాష్ట్రం దీన్ని సాంస్కృతిక సంపదగా గుర్తించింది. చేరేటప్పుడు రక్తంతో ప్రమాణపత్రం మీద ముద్ర వేసే ఆచారం ఈ బాణీది: అనుమతి లేకుండా నేర్పనని, బయట చూపించనని.

దీని గొప్ప అంతా విస్తారంలో ఉంది. కత్తి, ఒరనుంచి తీసే కత్తి, బారు కర్ర, నాగినాతా, ఈటె, విసిరే ములుకులు, కోటలు కట్టే లెక్కల దాకా పాఠాల్లో ఉన్నాయి. కటాలు పొడుగ్గా ఉంటాయి. వేరే బాణీల్లో కటా ఒకటి రెండు దెబ్బల్లో తెగిపోతే, ఇక్కడ కత్తులు ఆగకుండా తగులుతూ పోతాయి. మొదటి నాలుగు కత్తి కటాలతోనే ఊపిరి అందదు.

చూసేవాడికి కత్తీ కత్తీ కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. అసలు గురి కత్తి కాదు, దాని వెనకున్న మెడ, మణికట్టు, చంక. సాధనలో దెబ్బను కాస్త పక్కకు జరిపి కత్తికి తగిలిస్తారు, బయటివాళ్లకు తెలియకూడదని, ఇద్దరూ బతకాలని. అందుకే ఆన్‌లైన్ వీడియో చూసి ఈ బాణీ నేర్చుకున్నవాళ్ల చేతిలో మిగిలేది చప్పుడే. గురి తెలియదు, దూరం తప్పుతుంది.

నష్టం ఏమిటంటే ఇది పెద్ద సముద్రం. వారానికి ఒక పూట ఇచ్చేవాడు పదేళ్లకూ కత్తి దగ్గరే ఉంటాడు. ఈటె మీద మోజుతో చేరితే నిరాశే. ఒకే కుదురు నుంచి కొమ్మలు చీలిన బాణీ కూడా కాబట్టి, మీ గురువు ఏ కొమ్మవాడో, ఎవరి అనుమతితో నేర్పుతున్నాడో ముందే తెలుసుకోండి. టోక్యో నిషి-కసాయిలో ఉండే తెలుగువాళ్లకు చిబా పక్కనే. ఆ దూరంలో ఉన్నవాళ్లకు తప్ప దీన్ని మొదటి ఎంపికగా చెప్పడం కష్టం.

## ఇయై: ఒరలోంచి కత్తి

జత దొరకనివాళ్ల దారి ఇది. మూలం 16వ శతాబ్దపు హయాషిజాకి జిన్‌సుకె అని చెబుతారు. తర్వాత తోసా ప్రాంతంలో పెరిగి, ఆధునిక కాలంలో రెండు పాయలైంది. ఒఎ మసమిచి (1852–1927) సర్దిన పాయ ముసో జికిదెన్ ఎయిషిన్-ర్యూ, నకయామా హకుదో (1872–1958) నుంచి వచ్చిన పాయ ముసో షిందెన్-ర్యూ. రెండింటి మధ్య ఏది మేలన్న చర్చకు కాలం వృథా చేయొద్దు. దగ్గరున్న గురువు ఏ పాయవాడైతే అదే మీది.

ఎయిషిన్-ర్యూలో మొదట వజ్రాసనంలా కూర్చుని చేసేవి 11, తర్వాత తతెహిజా అనే భంగిమలో 10. తతెహిజా అంటే ఎడమ పాదం మీద కూర్చుని కుడి మోకాలు కాస్త పైకెత్తి ఉంచడం. భోజనానికి బాసింపట్టు వేసే అలవాటున్నంత మాత్రాన ఇది వచ్చేయదు. చీలమండ మీదా ఎడమ మోకాలి లోపలి వైపూ భారం పడుతుంది. మోకాలి చిప్ప అరిగిందని డాక్టరు చెప్పినవాళ్లు ఈ దారి వదిలేయాలి, లేదా నిలబడి చేసేవే నేర్పమని అడగాలి.

సాధనకు వాడే ఇయైతో పదును లేని మిశ్రలోహపు కత్తి. దేన్నీ కొట్టకూడదు, కొడితే విరుగుతుంది. పొడవు షకు లెక్కలో చెబుతారు. ఒక షకు 30.3 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషికి 2.4 నుంచి 2.45 షకు, అంటే 73–74 సెంటీమీటర్ల అలుగు సరిపోతుంది. కుడిచేత పట్టుకుని చెయ్యి కిందికి వేలాడదీస్తే మొన నేలకు తగిలీ తగలనట్టు ఉండాలి.

ఎక్కువమంది చెడగొట్టుకునేది ఒర. కత్తి తీసేటప్పుడు కుడిచేత్తో లాగడమే తెలుసు గానీ, ఎడమచేత్తో ఒరను వెనక్కి లాగడం మరిచిపోతారు. అలుగు ఒర గోడకు ఒరుసుకుంటుంది, మూతి దగ్గర చెక్క సన్నబడి కొన్నాళ్లకు పగులుతుంది. అదే తప్పు నిజం కత్తితో చేస్తే ఒరను చీల్చుకుని ఎడమ అరచేతిలోకి దిగుతుంది. తిరిగి ఒరలో పెట్టేటప్పుడు గండం మొన దగ్గర. పదును లేకపోయినా మొన మొనే. ఎడమ బొటనవేలూ చూపుడువేలూ ఒర మూతిని మూసి ఉంచి, వాటి మీదుగా కత్తి వెన్ను జారాలి. కళ్లు ఎదుటే ఉండాలి. చూసి పెట్టేవాడికీ చూడకుండా పెట్టేవాడికీ మధ్య రెండు మూడేళ్ల సాధన ఉంది.

మన దేశానికి తెప్పించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆయుధ చట్టం నిబంధనల జాబితాలో కత్తులు ఉన్నాయి. పదును లేదన్న సంగతి కస్టమ్స్ అధికారికి పెట్టె తెరిచి చూస్తే తోచదు. పదును లేని మిశ్రలోహమని అమ్మకందారు రాసిచ్చిన కాగితం పెట్టెలో ఉండాలి. ఆర్డర్ పెట్టే ముందే స్థానిక నిబంధన కనుక్కోవాలి. మొదటి ఏడాదికి ప్లాస్టిక్ ఒరతో వచ్చే చెక్కకత్తి చాలు.

## కత్తికి కత్తి: షింకగే, ఇత్తో

మెయిజీ మార్పుకు ముందు జపాన్‌ను ఏలిన టొకుగావా ఏలికలకు కత్తి నేర్పిన రెండు ఇళ్లు ఇవి. కమిఇజుమి నొబుత్సునా షింకగే-ర్యూను పెట్టి యాగ్యూ మునెయోషికి ఇచ్చాడు. దాని ఒక శాఖ నగోయాలో నిలిచింది. ఇతో ఇత్తోసాయి శిష్యుడు ఒనో తదఆకి నుంచి వచ్చినది ఒనో-హా ఇత్తో-ర్యూ. నేటి కెందోకు పునాదుల్లో అధికభాగం ఇత్తో వంశానిదే.

వీటి తేడా సాధన సామగ్రిలోనే కనిపిస్తుంది. షింకగేలో చీల్చిన వెదురును తోలు సంచిలో తొడిగిన కత్తి వాడతారు. దెబ్బ నిజంగా తగిలించొచ్చు, ఎముక విరగదు. ఎదుటివాణ్ని ముందు కదలనిచ్చి, ఆ కదలికలోనే గెలవడం దాని తత్వం. ఒనో-హాలో చెక్కకత్తే, దాడి చేసే సీనియర్ చేతులకు ఒనిగొతే అనే దిండ్లలాంటి తోలు తొడుగులు. నేర్చుకునేవాడు ఆ మణికట్టు మీద పూర్తి బలంతో కొట్టాలి. ప్రాణం కిరి-ఒతోషి: ఎదుటివాడు నిట్టనిలువునా నరుకుతుంటే మీరూ అదే గీత మీద నరుకుతారు. పక్కకు తప్పుకోరు, అడ్డుపెట్టరు. మీ కత్తి నిలువుగా దిగితే వాడిది దానంతట అదే పక్కకు తోసుకుపోతుంది, మీ మొన వాడి మీద నిలుస్తుంది. చిటికెన వేలంత వాలినా ఇద్దరికీ దెబ్బే. భయంతో తల పక్కకు వంచడమే తొలి ఏళ్ల జబ్బు.

కెందో చేస్తున్నవాళ్లకు ఒనో-హా ఎక్కువ కలిసొస్తుంది. ఒళ్లు బిగుసుకుపోయే తీరున్నవాళ్లకు, బలం మీద నమ్మకం ఎక్కువున్నవాళ్లకు షింకగే మందులా పనిచేస్తుంది. మొదట్లో మాత్రం విసుగు పుడుతుంది.

## జుజుత్సు

తకెనోఉచి-ర్యూ 1532 నాటిది, ఒకయామా ప్రాంతానిది. వట్టిచేతి పట్లతో పాటు బాకు, కర్ర, తాడుతో కట్టేయడం కూడా ఉన్న పూర్తి బాణీ. దైతో-ర్యూను తకెదా సోకాకు (1859–1943) ఊరూరా తిరిగి నేర్పాడు. ఐకిడో పెట్టిన ఉఎషిబా మొరిహెయి ఆయన శిష్యుడే. అయితే సోకాకుకు ముందు ఆ బాణీ చరిత్రకు పత్రాల ఆధారం బలహీనం. కొందరు దాన్ని కొర్యూ లెక్కలోకి తీసుకోకపోవడానికి కారణం అదే. విద్యగా దానికి లోటు లేదు.

కుస్తీ పట్లు తెలిసినవాళ్లు ఇక్కడ ఎదురుతిరిగి చూస్తారు: "నేను బిగిస్తే ఈ పట్టు పడదుగా?" పడదు. మణికట్టు పట్టుకున్నవాడి ఇంకో చేతిలో బాకు ఉందన్న ఊహ మీద ఆ కటా నిలబడి ఉంది. ఆ ఊహ గురువు చెప్పకపోతే అంతా ఉత్త సాముగరిడీలా కనిపిస్తుంది. పడటం నేర్పకుండా విసరడం మొదలుపెట్టే తరగతికి వెళ్లొద్దు. కింద చాప ఎలా ఉందో ముందు చూడండి.

## నాగినాతా

ఈటె కొయ్యకు వంపు అలుగు బిగించినట్టుండే ఆయుధం. 20వ శతాబ్దంలో జపాన్‌లో ఇది ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో బతికింది. తెందో-ర్యూలో ఎదురుగా కత్తి పట్టినవాడు ఉంటాడు. పొడవే బలం కాబట్టి పొట్టిగా ఉన్నామన్న బెంగ అక్కర్లేదు. పోటీలు కావాలంటే ఆధునిక నాగినాతా వేరే ఉంది. దాని మొత్తం పొడవు 210 నుంచి 225 సెంటీమీటర్లు. హైదరాబాద్ ఆటోలో పట్టదు, విమానంలో వేరే సామానుగా కట్టాలి.

## ఎవరికి ఏది

నలభై దాటి, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు: జో. రాత్రి షిఫ్టులు, జత కుదరనివాళ్లు: ఇయై, అదీ నెలకోసారైనా గురువుకు చూపించే వీలుంటేనే. కెందో చేస్తున్నవాళ్లు: ఒనో-హా లేదా ఇయై. జూడో, కుస్తీ నేపథ్యం ఉన్నవాళ్లు: తకెనోఉచి. రెండు మూడేళ్ల వీసా మీద జపాన్‌లో ఉన్నవాళ్లు కటోరి మొదలుపెడితే సగంలో ఆగుతుంది. జోదో అయితే తిరిగొచ్చాకా, అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లాకా కొనసాగించే అవకాశం ఎక్కువ. పన్నెండేళ్ల పిల్లల కోసం అడిగేవాళ్లకు వీటిలో ఏదీ కాదు, జూడోలో చేర్చండి.

ఏ బాణీ అయినా గురువును అడగాల్సినవి మూడు: మీ గురువు ఎవరు, నేర్పడానికి అనుమతి ఎవరిచ్చారు, జపాన్‌కు చివరిసారి ఎప్పుడు వెళ్లారు. నిజమైనవాడు పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. పాత బాణీల్లో రంగు బెల్టులు లేవు. మొకురొకు, మెంక్యో అంటూ పత్రాలు ఇస్తారు, వాటికి ఏళ్లు పడుతుంది. ఆరు నెలల్లో సమురాయ్ సర్టిఫికెట్ అంటే డబ్బు దండగ. నింజా విద్య అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గర ఈ మూడు ప్రశ్నలూ మరీ గట్టిగా అడగండి.

చేరే ముందు ఒకసారి ఊరికే కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. గంట ముందే కాదు, పది నిమిషాలు ముందు చాలు. ఫోన్ తీయొద్దు. సీనియర్లు కత్తి పట్టి కొత్తవాళ్లకు దెబ్బ ఎలా అందిస్తున్నారో గమనించండి: విసుక్కుంటున్నారా, వేగం తగ్గించి ఇస్తున్నారా. మీకు రేపు కొట్టేది వాళ్లే. సరే అనుకుంటే, మొదటి నెలలు వదులు బట్టల్లో చేయనిస్తారు. తర్వాత నీలిమందు వేసిన దుస్తులు కొంటే మొదటి నాలుగైదు ఉతుకులూ చన్నీళ్లలో విడిగా ఉతకండి. రంగు చేతులకూ మెడకూ అంటుకుంటుంది, వాషింగ్ మెషిన్‌లో పడితే ఇంట్లో తెల్ల బట్టలన్నీ నీలమే.